రేపు డబ్బు ఆగిపోతే ఎల్లుండి పత్రిక వస్తుందా?

(స్మారకోపన్యాస పాఠం)



2025 జనవరి 20న అమెరికాలో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన రోజునే విదేశీ సహాయాన్ని 90 రోజులపాటు నిలిపివేస్తూ ఉత్తర్వు వెలువడింది. దానివల్ల మందులు, తిండిగింజలు ఆగిన సంగతి మన పత్రికల్లో కొంత వచ్చింది. అదే ఉత్తర్వు కింద మరో రకం డబ్బు కూడా ఆగిపోయిందని చాలామందికి తెలియదు. ఆ ఏడాది స్వతంత్ర పత్రికలకు, సమాచార స్వేచ్ఛకు అమెరికా కాంగ్రెస్ కేటాయించిన సొమ్ము 26 కోట్ల 80 లక్షల డాలర్లు. పారిస్ కేంద్రంగా పనిచేసే ‘రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్’ సంస్థ అప్పుడు బయటపెట్టిన లెక్క ప్రకారం, అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2023లో 6,200 మంది విలేకరుల శిక్షణకు, సహాయానికి డబ్బిచ్చింది. 707 ప్రభుత్వేతర వార్తాసంస్థలకు, ఈ రంగంలో పనిచేసే 279 పౌరసంఘాలకు చేయూతనిచ్చింది. యుక్రెయిన్‌లో పదింట తొమ్మిది వార్తాసంస్థలు సాయం మీదే నడుస్తున్నాయనీ, ఇచ్చేవాళ్లలో మొదటి పేరు యూఎస్ఎయిడ్‌దేననీ ఆ సంస్థ రాసింది. యుద్ధం నడుస్తున్న దేశం అది. ఏ ఊరి మీద బాంబు పడిందో రాసేవాడి జీతం అట్లాంటిక్ అవతల ఒక సంతకంతో ఆగిపోయింది.

అది చూశాక మాస్టారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి వేరే విషయం వెతుక్కోవాలనిపించలేదు. పేద దేశాల్లో స్వతంత్ర పత్రికలు బతకాలంటే బయటి డబ్బు కావాలా? కావాలంటే ఎటువంటి డబ్బు, ఎంతకాలం, ఎవరి చేతుల మీదుగా?

మాస్టారిని ఎరిగినవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. బడిలో పాఠం చెబుతూనే వారపత్రిక పెట్టి, రిటైరయ్యాక కూడా ఆపకుండా నడిపిన మనిషి. ఏటా ఉగాది సంచిక ఆఖరి పేజీలో ఆయన పత్రిక జమాఖర్చులు అచ్చువేసేవారు. చందాలు ఇంత, శుభలేఖల అచ్చుపని మీద వచ్చింది ఇంత, తాలూకా కచేరీ వేలం ప్రకటనలకు వచ్చింది ఇంత, కాగితం కొట్టుకు ఇంకా తీర్చాల్సిన బాకీ ఇంత. ఊళ్లో అందరి లెక్కలూ అడిగేవాళ్లం మన లెక్క ముందు చూపించాలి అనేవారు. ఈ రోజు నేను చెప్పబోయేదానికి ఆ ఆఖరి పేజీయే నాకు ఆధారం.

ముందుగా ఒక మాట ఒప్పుకుందాం. నిజమైన వార్త సేకరించడానికి అయ్యే ఖర్చు ఆ వార్త అమ్మితే తిరిగిరాదు. ఒక విలేకరి మూడు నెలలు తిరిగి ఒక గనుల కుంభకోణం బయటపెడితే, దాన్ని చదివినవాళ్లు ఇచ్చే నాలుగైదు రూపాయలు కాగితానికే చాలవు. మిగతాది ప్రకటనలు భరించాలి. ప్రకటనలు కొనుగోలు శక్తి ఉన్నచోటికి పోతాయి. పేద దేశంలో సబ్బులు, ఫోన్లు అమ్మే కంపెనీల డబ్బు కొద్దిగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద ప్రకటనదారు సర్కారు. రెండో పెద్ద ప్రకటనదారు సర్కారు కాంట్రాక్టులు చేసుకునే పెద్దమనిషి. ఆ ఇద్దరి మీదా రాయాల్సిన పత్రిక ఆ ఇద్దరి డబ్బుతోనే నడవాలి. పోనుపోను ఆ కాసిని ప్రైవేటు ప్రకటనలు కూడా గూగుల్, ఫేస్‌బుక్‌లకు తరలిపోయాయి.

మన పెద్దలు ఈ చిక్కును తమ పద్ధతుల్లో విప్పుకున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రికగా తెచ్చారు. దాని వెనుక అమృతాంజనం డబ్బు ఉంది. 1913లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన గదర్ పత్రికను అమెరికా పశ్చిమ తీరంలో పొలాల్లో, కలప కోత మిల్లుల్లో పనిచేసే వలస కూలీల విరాళాలు నడిపాయి. ఆ ఉద్యమంలో మన దరిశి చెంచయ్య ఉన్నారు. గదర్‌ను దేశంలోకి రానివ్వకుండా బ్రిటిష్ ప్రభుత్వం చేయని ప్రయత్నం లేదు. స్వతంత్రంగా మాట్లాడే పత్రిక కేవలం తన అమ్మకాల మీద బతికిన రోజులు మన చరిత్రలోనూ అరుదు. ఎవరో ఒకరు భరించాలి. ఆ భరించేవారు ఎవరు, బదులుగా ఏమి అడుగుతారు అన్నదే ప్రశ్న.

ఇప్పుడు ఆఫ్రికా నైరుతి మూలన ఉన్న నమీబియాకు వెళదాం. 1985లో ఆ దేశం ఇంకా దక్షిణాఫ్రికా శ్వేత ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ ఏడాది గ్వెన్ లిస్టర్ అనే పాత్రికేయురాలు రాజధాని విండ్‌హోక్‌లో ‘ది నమీబియన్’ అనే పత్రిక పెట్టింది. ఉత్తర ప్రాంతపు పల్లెల్లో సైన్యం, ‘కూఫూట్’ అనే పోలీసు దళం చేస్తున్న అకృత్యాలు రాయడం ఆ పత్రిక పని. అలాంటి పత్రికకు అక్కడి తెల్ల వ్యాపారులు ప్రకటనలు ఇవ్వరు కదా. యూరప్ నుంచి వచ్చిన నిధులే దాన్ని నిలబెట్టాయి. 1988లో కార్యాలయానికి నిప్పుపెట్టారు. అయినా పత్రిక వచ్చింది.

1990 మార్చిలో నమీబియాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ మరుసటి ఏడాది అదే విండ్‌హోక్‌లో ఐక్యరాజ్యసమితి, యునెస్కో పిలుపు మీద ఆఫ్రికా పాత్రికేయులు సమావేశమై 1991 మే 3న ఒక ప్రకటన చేశారు. ప్రపంచ పత్రికా స్వేచ్ఛా దినంగా మనం మే 3ను జరుపుకోవడం దానివల్లే. దండలు వేసి, ఉపన్యాసాలు చెప్పుకుంటాం గానీ ఆ ప్రకటన పాఠం తీసి చదివేవాళ్లు తక్కువ. అందులో డబ్బు గురించి కూడా ఉంది. సహాయం చేసేవాళ్లు బహుళత్వాన్ని, స్వతంత్రతను పెంచేలా చేయాలనీ, పత్రికాస్వేచ్ఛకు రాజ్యాంగపరమైన హామీ ఉన్నచోటే ప్రభుత్వ మాధ్యమాలకు నిధులివ్వాలనీ వాళ్లు ఆనాడే రాసుకున్నారు. అడుక్కునే స్వరం కాదది. తీసుకునేవాళ్లు షరతు పెడుతున్న స్వరం.

‘ది నమీబియన్’ కథ అక్కడితో ఆగలేదు. స్వాతంత్ర్యం తెచ్చిన పార్టీ అధికారంలోకి వచ్చింది. పత్రిక ఆ పార్టీని కూడా అదే కళ్లతో చూసింది. 2000 చివర్లో మంత్రివర్గం ఆ పత్రికకు ప్రభుత్వ ప్రకటనలు ఆపేసింది. కొద్ది నెలలకే సర్కారు డబ్బుతో ఏ కార్యాలయమూ ఆ పత్రిక కొనకూడదని మరో ఆంక్ష వచ్చింది. పదేళ్లు దాటి నడిచిన ఆ ఆంక్షను 2011లో ఎత్తేశారు. ఈలోగా పత్రిక మూతపడలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలోనే అది అమ్మకాల మీద, ప్రైవేటు ప్రకటనల మీద నిలదొక్కుకుంది. యాజమాన్యం ఒక ట్రస్టు చేతిలో ఉంది. మిగులు ఉంటే పత్రికకే పోతుంది. యూరప్ డబ్బు ఆ పత్రికకు ఐదేళ్ల ఊపిరి ఇచ్చింది. ఆ ఐదేళ్లలో సంపాదించుకున్న పాఠకులు తర్వాత సొంత ప్రభుత్వం పీక నొక్కినప్పుడు కాపాడారు.

విదేశీ డబ్బును నేను ఈ కొలతతోనే కొలుస్తాను. ఆ డబ్బు రేపు ఆగిపోతే ఎల్లుండి పత్రిక వస్తుందా? వచ్చేలా చేసిన డబ్బు మంచి డబ్బు. రాకుండా చేసిన డబ్బు ఎంత సదుద్దేశంతో ఇచ్చినా చెడ్డ డబ్బే.

సదుద్దేశం లేని డబ్బు కూడా వచ్చింది. దాన్ని దాటవేసి మాట్లాడితే విదేశీ డబ్బు వద్దనేవాళ్ల అనుమానానికి మనం జవాబు చెప్పనట్టే. 1961లో ఉగాండాలోని కంపాలాలో రజత్ నియోగీ అనే బెంగాలీ మూలాల యువకుడు ‘ట్రాన్సిషన్’ అనే పత్రిక పెట్టాడు. ఆఫ్రికా రచయితలు ఆఫ్రికా గురించి నిర్భయంగా వాదించుకున్న గొప్ప వేదిక అది. దానికి ‘కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్’ అనే సంస్థ సాయం అందేది. ఆ సంస్థ వెనుక ఉన్నది అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అని 1966, 67ల్లో బయటపడింది. మన దేశంలో ‘క్వెస్ట్’ పత్రికను నడిపిందీ అదే సంస్థ భారత శాఖ. ఆ మరుసటి ఏడాదే, 1968లో, ఉగాండా ప్రభుత్వం నియోగీని జైల్లో పెట్టింది. జైల్లో పెట్టింది పత్రికలో వచ్చిన విమర్శలకు. కానీ అతని తరఫున నిలబడాల్సినవాళ్ల చేతులు ఆ సీఐఏ మరకతో అప్పటికే కట్టుబడ్డాయి. డబ్బు మూలం తనకు తెలియదని నియోగీ చెప్పుకున్నాడు. తెలిసినా తెలియకపోయినా నష్టపోయింది అతనూ, అతని పాఠకులూ. దాచిన దాత చేసిన ద్రోహం అది.

ఆ అనుభవం తర్వాత పేద దేశాలు కలిసి, డబ్బు ఒక దేశం నుంచి కాకుండా అందరి తరఫునా ఒకచోటి నుంచి రావాలని అడిగాయి. 1980లో యునెస్కో కింద, దేశాల మధ్య సమాచార అసమానతల మీద మెక్‌బ్రైడ్ సంఘం నివేదిక వచ్చింది. మన పాత్రికేయుడు బీజీ వర్గీస్ ఆ సంఘంలో సభ్యులు. అదే ఏడాది సమాచార వికాసానికి ఒక అంతర్జాతీయ కార్యక్రమం కూడా పుట్టింది. సంపన్న దేశాలకు ఆ చర్చ నచ్చలేదు. సమాచార రంగాన్ని ప్రభుత్వాల గుప్పిట్లో పెట్టే ఎత్తుగడగా చూశాయి. ఆ భయంలో కొంత నిజం ఉంది. ఆ వేదిక మీద గట్టిగా మాట్లాడిన ప్రభుత్వాల్లో కొన్ని తమ దేశంలో ఒక్క పత్రికను కూడా బతకనివ్వనివి. 1984 చివర అమెరికా, ఏడాది తర్వాత బ్రిటన్ యునెస్కో నుంచి తప్పుకున్నాయి. కార్యక్రమం మిగిలింది, డబ్బు చాలలేదు.

దక్షిణాఫ్రికా కథ నన్ను ఎక్కువగా బాధపెడుతుంది. వర్ణవివక్ష ఆఖరి పదేళ్లలో అక్కడ ఒక పత్రికల తరం లేచింది. మూతపడిన ‘రాండ్ డైలీ మెయిల్’ విలేకరులు చేతికొచ్చిన నష్టపరిహారపు డబ్బుతో 1985లో ‘వీక్లీ మెయిల్’ పెట్టారు. కేథలిక్ బిషప్పుల అండతో ‘న్యూ నేషన్’ వచ్చింది. 1988లో మాక్స్ డు ప్రీజ్ ఆఫ్రికాన్స్ భాషలో ‘ఫ్రయి వీక్‌బ్లాడ్’ పెట్టాడు. పోలీసుల హంతక ముఠాల గుట్టు రట్టుచేసింది ఆ చిన్న పత్రికే. వీటిలో చాలావాటికి యూరప్ ప్రభుత్వాలు, చర్చిలు సాయం చేశాయి. 1990లో మండేలా విడుదలయ్యాడు. 1994లో ఎన్నికలు జరిగాయి. ఆ వెంటే దాతల డబ్బు కొత్త ప్రభుత్వం వైపు, ఇళ్లు, బడుల వైపు మళ్లింది. అందులో తప్పు పట్టేదేముంది అనిపిస్తుంది. కానీ ‘ఫ్రయి వీక్‌బ్లాడ్’ పరువునష్టం కేసు ఖర్చుల భారంతో 1994లోనే ఆగిపోయింది. ‘న్యూ నేషన్’ చేతులు మారి 1997లో మూతపడింది. ‘వీక్లీ మెయిల్’ మాత్రం లండన్ ‘గార్డియన్’ వాటా తీసుకోవడంతో ‘మెయిల్ అండ్ గార్డియన్’గా మిగిలింది. నియంతను దించడానికి పత్రిక కావాలి, ప్రజాస్వామ్యం వచ్చాక అక్కర్లేదు అన్నట్టు నడిచింది లోకం. కొత్త పాలకుల అవినీతి గురించి నల్లవారి బస్తీల భాషలో రాయాల్సిన పత్రికలు సరిగ్గా అవసరమైన వేళకే లేకుండా పోయాయి. తర్వాత 2002లో అక్కడి పార్లమెంటే చట్టం చేసి, ప్రభుత్వమూ పెద్ద మీడియా కంపెనీలూ కలిసి డబ్బు వేసే ఒక సంస్థను చిన్న పత్రికల కోసం పెట్టింది. మంచి పనే. ఎనిమిదేళ్లు ఆలస్యంగా.

బర్మాలో ఇదే కథ ఇంకా క్రూరంగా నడిచింది. ‘డెమొక్రటిక్ వాయిస్ ఆఫ్ బర్మా’ 1992లో నార్వే రాజధాని ఓస్లో నుంచి రేడియోగా మొదలైంది. ‘ఇరావడీ’ 1993లో థాయిలాండ్‌లో పుట్టింది. ‘మిజ్జిమా’ 1998లో మన ఢిల్లీలోనే పుట్టింది. 2007లో బౌద్ధ భిక్షువులు రంగూన్ వీధుల్లోకి వచ్చినప్పుడు, ప్రాణాలకు తెగించి రహస్యంగా చిన్న కెమెరాలతో తీసిన దృశ్యాలను లోకానికి చూపించింది ఓస్లో కేంద్రమే. 2012 నుంచి సైన్యం పట్టు కాస్త సడలించింది. దాతలు ఇక ఇంటికి వెళ్లండి, సొంత కాళ్ల మీద నిలబడండి అన్నారు. ప్రవాస పత్రికలకు ఇచ్చే డబ్బు తగ్గించారు. వాళ్లు వెళ్లారు. లైసెన్సులు తీసుకున్నారు, స్టూడియోలు కట్టుకున్నారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. మార్చి 8న ఐదు సంస్థల లైసెన్సులు రద్దయ్యాయి. మిజ్జిమా, డెమొక్రటిక్ వాయిస్ అందులో ఉన్నాయి. మళ్లీ సరిహద్దు దాటి థాయిలాండ్. మళ్లీ దాతల గుమ్మం. నాలుగేళ్లు తిరక్కుండానే 2025 జనవరి ఉత్తర్వు వచ్చింది. ప్రకటనలు అమ్ముకోవడానికి బజారు లేదు, చందా కడితే పాఠకుడు జైలుకు పోతాడు. అటువంటి పత్రికకు సొంత కాళ్ల మీద నిలబడమని చెప్పడం అన్యాయం. ఇందాక నేను చెప్పిన కొలత వీళ్లకు వర్తించదు. దేశం విడిచి వచ్చిన పత్రికను ఆ దేశం మళ్లీ దాన్ని రానిచ్చేదాకా ఎవరో ఒకరు పోషించవలసిందే. ఆ పోషించేవాళ్లు ఒక్కరే కాకూడదు.

దాతల పద్ధతుల గురించి మరొకటి చెప్పాలి. డబ్బు ఎక్కువగా ప్రాజెక్టు రూపంలో వస్తుంది. పద్దెనిమిది నెలల ప్రాజెక్టు, దానికో శిక్షణ శిబిరం, ఒక నివేదిక. ఈ ఏడు వాతావరణ మార్పు మీద రాస్తే డబ్బు, వచ్చే ఏడు తప్పుడు వార్తల మీద రాస్తే డబ్బు. విలేకరి జీతానికి, ప్రెస్సుకు, లాయరు ఫీజుకు అడిగితే మాత్రం నిబంధనలు ఒప్పుకోవు. దరఖాస్తు ఇంగ్లీషులో, అందులోనూ దాతలకు అలవాటైన ఇంగ్లీషులో ఉండాలి. అందుకని రాజధానిలో ఉండి ఇంగ్లీషు బాగా వచ్చిన సంస్థకు నాలుగు చోట్ల నుంచి డబ్బు వస్తుంది. షాన్ భాషలోనో, కచిన్ భాషలోనో బర్మా కొండల్లో పత్రిక నడిపేవాడికి దరఖాస్తు రాసిపెట్టే మనిషి దొరకడు. ఇదంతా ట్యాంకరుతో పొలానికి నీళ్లు తోలడం లాంటిది. ట్యాంకరు వచ్చినన్నాళ్లు పైరు పచ్చగా ఉంటుంది, రాని రోజున ఎండుతుంది. ఆ ఖర్చుతో బావి తవ్వించి ఉంటే బాగుండేదని అప్పుడు గుర్తొస్తుంది.

బావి తవ్వించినవాళ్లూ ఉన్నారు. సాషా వూచినిచ్ బెల్‌గ్రేడ్‌లో బీ92 రేడియోకు సంపాదకుడు. పత్రికను చంపాలంటే సంపాదకుణ్ణి జైల్లో పెట్టక్కర్లేదు, కాగితమూ ముద్రణా అందకుండా చేస్తే చాలని అక్కడ అనుభవంతో తెలుసుకున్నవాడు. అతను, పాత్రికేయుడు స్టూవర్ట్ ఔర్‌బాక్ కలిసి 1990ల మధ్యలో పత్రికలకు అప్పులిచ్చే ఒక నిధి పెట్టారు. ఇప్పుడు దాన్ని ‘మీడియా డెవలప్‌మెంట్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్’ అంటున్నారు. తొలి అప్పు స్లొవేకియాలోని ‘ఎస్ఎంఈ’ అనే దినపత్రికకు. ప్రధాని మేచియార్ ప్రభుత్వాన్ని విమర్శిస్తున్న ఆ పత్రిక సర్కారు గుప్పిట్లోని ముద్రణాలయం మీద ఆధారపడి ఉండేది. అప్పుతో సొంత ప్రెస్సు కొనుక్కుంది. నాకు ఆ సంఘటనలో నచ్చేది ఒకటుంది: అది విరాళం కాదు, అప్పు. అప్పు తీసుకున్నవాడు తిరిగి కట్టాలి. కట్టడానికి పాఠకుణ్ణి సంపాదించుకోవాలి. కట్టేశాక ఇచ్చినవాడికి తలవంచనక్కర్లేదు. అన్ని పత్రికలకూ అప్పు పనికిరాదు; బర్మా ప్రవాస పత్రిక అప్పు ఎలా తీరుస్తుంది? కానీ అప్పుతో నిలబడగల పత్రికను విరాళంతో ఉంచడం దానికి మేలు చేయడం కాదు.

బయటి పెట్టుబడి తీసుకున్నా చిక్కు తప్పదు. ఫిలిప్పీన్స్ రాజ్యాంగం ప్రకారం మీడియా పూర్తిగా ఆ దేశీయుల చేతిలోనే ఉండాలి. మరియా రెస్సా నడిపే వార్తా వెబ్‌సైట్ ‘రాప్లర్’ 2015లో అమెరికా సంస్థ ఓమిడ్యార్ నెట్‌వర్క్ నుంచి యాజమాన్య హక్కులేని పత్రాల రూపంలో పెట్టుబడి తీసుకుంది. అప్పటి అధ్యక్షుడు దుతెర్తె మాదకద్రవ్యాల పేరిట సాగించిన హత్యల గురించి రాప్లర్ రాయడం మొదలుపెట్టాక, 2018 జనవరిలో ఆ పత్రాలే విదేశీ నియంత్రణకు రుజువంటూ లైసెన్సు రద్దుచేశారు. వెంటనే ఓమిడ్యార్ ఆ పత్రాలను రాప్లర్‌లోని 14 మంది నిర్వాహకులకు ఉచితంగా ఇచ్చేసింది. అయినా కేసు ఆరేళ్లు నడిచింది. 2024లో అప్పీలు కోర్టు ఆ రద్దును కొట్టేసింది. 2021లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న సంపాదకురాలి సంస్థ పరిస్థితి ఇది. పేరులేని చిన్న పత్రిక ఆరేళ్లు కోర్టులో నిలబడగలదా?

‘విదేశీ డబ్బు’ అనే ఈ ఆయుధం ఇప్పుడు చాలా దేశాలకు చేరింది. రష్యా 2012లో విదేశీ ఏజెంట్ల చట్టం తెచ్చింది. జార్జియా 2024లో, నిధుల్లో 20 శాతం పైగా బయటినుంచి వస్తే విదేశీ ప్రయోజనాల కోసం పనిచేస్తున్నట్టు నమోదు చేసుకోవాలన్న చట్టం చేసింది. ఎల్ సాల్వడార్ 2025 మేలో విదేశీ విరాళాల మీద 30 శాతం పన్ను వేసింది. అక్కడి వార్తాసంస్థ ‘ఎల్ ఫారో’ అంతకు రెండేళ్ల ముందే తన రిజిస్ట్రేషన్ కోస్టారికాకు మార్చుకుంది. మన దేశంలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదట వచ్చింది 1976లో, ఎమర్జెన్సీ నడుస్తుండగా. 2010 చట్టం కూడా సంపాదకులు, యజమానులు, ప్రచురణకర్తలు, కాలమిస్టులు, కార్టూనిస్టులు విదేశీ విరాళం తీసుకోకుండా నిషేధించింది. ట్రాన్సిషన్ కథ తెలిసినవాడిగా ఇటువంటి నిబంధనల వెనుక ఉన్న భయాన్ని నేను కొట్టిపారేయను. ఎవరి డబ్బో ప్రజలకు తెలియాలి. మాస్టారి ఆఖరి పేజీ చెప్పేది అదే. కానీ ఒక చేత్తో విదేశీ డబ్బు వద్దని, రెండో చేత్తో స్వదేశీ ప్రకటనలు ఆపేసే ప్రభుత్వానికి పత్రిక స్వతంత్రత మీద ప్రేమ ఉందంటే నేను నమ్మను.

మన తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలకు 1998లో యునెస్కో సాయంతో రేడియో స్టూడియో ఏర్పడింది. పీవీ సతీశ్ నడిపించిన సంస్థ అది. మైకులు వచ్చాయి, రికార్డు చేసే యంత్రాలు వచ్చాయి, ఆడవాళ్లు వాటిని వాడటం నేర్చుకున్నారు. విత్తనాల గురించి, జొన్న కొర్రల సాగు గురించి, పండగ పాటల గురించి తమ మెదక్ యాసలో గంటలకొద్దీ కార్యక్రమాలు తయారుచేశారు. గాలిలోకి వదలడానికి మాత్రం అనుమతి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసిన ఇద్దరిలో జస్టిస్ బీపీ జీవన్‌రెడ్డి మనవారు, రెండోవారు జస్టిస్ పీబీ సావంత్. తీర్పు ఉంది, యంత్రం ఉంది, చెప్పేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు. పదేళ్లు క్యాసెట్లు నింపి సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డరు పెట్టి వినిపించారు. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇవ్వాలని కేంద్రం నిర్ణయించాక, 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడింది. ప్రారంభించింది జస్టిస్ సావంతే.

ఇక్కడ యునెస్కో చేసిన పని చూడండి. ఏం మాట్లాడాలో చెప్పలేదు. ఒకసారి స్టూడియోకు సాయం చేసింది, మిగతాది సంఘాలకు వదిలేసింది. పదేళ్లు అనుమతి రాకపోయినా పని ఆగలేదంటే, ఆ పని దాత నెలనెలా పంపే డబ్బు మీద కాక సంఘపు ఆడవాళ్ల పట్టుదల మీద ఆధారపడి ఉంది. అనుమతి ఇవ్వని పదేళ్లకు మాత్రం బాధ్యత మన ప్రభుత్వాలది. ఎంత మంచి డబ్బయినా చట్టం తలుపు తీయకపోతే గడప బయటే ఆగుతుంది.

ఇక ఏం చేయాలి? ప్రపంచం మొత్తం మీద సంపన్న దేశాలు ఇచ్చే అభివృద్ధి సాయంలో పత్రికారంగానికి చేరేది వందకు అర రూపాయి కూడా లేదు. ఆసుపత్రికి, రోడ్డుకు ఇచ్చిన డబ్బు ఎటు పోయిందో అడిగేవాడి కోసం ఆ అర రూపాయి కూడా పెట్టకపోవడం దాతలకే నష్టం. 2021లో మరియా రెస్సా, బీబీసీ మాజీ అధిపతి మార్క్ థాంప్సన్ సహాధ్యక్షులుగా ‘ఇంటర్నేషనల్ ఫండ్ ఫర్ పబ్లిక్ ఇంటరెస్ట్ మీడియా’ మొదలైంది. ప్రభుత్వాలు, దాతృత్వ సంస్థలు, కంపెనీలు వేసే డబ్బును ఒకచోట చేర్చి, ఏ ఒక్క దాత మాటా చెల్లకుండా స్వతంత్ర మండలి ద్వారా పేద, మధ్యాదాయ దేశాల పత్రికలకు ఇవ్వడం దాని పద్ధతి. ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పనిచేసే గ్లోబల్ ఫండ్ ఇందుకు ఒరవడి. ఆ డిసెంబర్లో అమెరికా 3 కోట్ల డాలర్ల వరకు ఇస్తామంది. దారి సరైనదే. కానీ ఆ నిధి కూడా ఒకరిద్దరు పెద్ద దాతల మీద వాలిపోతే మళ్లీ 2025 జనవరే.

కాబట్టి నా అభ్యర్థనలు కొన్ని, సూటిగా. ఇచ్చేవాళ్లు పదేళ్లకు మాటివ్వండి. జీతాలకు, ప్రెస్సుకు, లాయరుకు ఇవ్వండి. దరఖాస్తు స్థానిక భాషలో తీసుకోండి. ఎన్నికలు జరిగాయని వెళ్లిపోకండి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. తీసుకునేవాళ్లు ఏ ఒక్కరి దగ్గరా మూడోవంతుకు మించి తీసుకోకండి, తీసుకున్న ప్రతి పైసా ఏటా అచ్చువేయండి. వర్ధమాన దేశాల పాత్రికేయులకు ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్‌లో ఏళ్లతరబడి మన డబ్బుతో శిక్షణ ఇచ్చిన దేశం మనది. ఆ అంతర్జాతీయ నిధిలో భారత్ కూడా వాటా వేయాలని, పేద దేశాల తరఫున మండలిలో కూర్చోవాలని మన ఎంపీలు అడగాలి. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు సభలకు, సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత, ఆయా దేశాల చట్టాలకూ మన చట్టానికీ లోబడి, ఇలాంటి నిధులకు మళ్లించవచ్చు. గదర్‌ను నడిపినవాళ్లు మనకన్నా పేదవాళ్లు.

చివరిగా ఈ హాల్లో ఉన్నవారికి. బయట వరండాలో బల్ల మీద మన జిల్లాలోని చిన్న పత్రికల చందా రసీదు పుస్తకాలు పెట్టించాను. సర్కారు ప్రకటనలు రాని పత్రికలు కూడా అందులో ఉన్నాయి. నచ్చిన ఒకదానికి ఏడాది చందా కట్టి వెళ్లండి.